పాఠం 11: 'నకిలీ'కి ఇంగ్లీషులో ఏ మాట?

ఈ పాఠం చదివిన తర్వాత మీరు ఆర్టిఫిషియల్, ఇమిటేషన్, ఫేక్, డూప్లికేట్ మొదలైన మాటల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

సూరత్ జిల్లాలోని బార్డోలీ పేరు 1928 నాటి రైతు సత్యాగ్రహం వల్ల దేశమంతా తెలుసు. ప్రస్తుతం మనకు కావలసింది అక్కడి చీరల దుకాణం. పక్కనే ఉన్న సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ సరుకు మనకు కొత్తది కాదు.

చీర మీది చీటీలో 'ఆర్ట్ సిల్క్' అని ఉందనుకోండి. కళాత్మకమైన పట్టు అని పొరబడకండి. 'ఆర్టిఫిషియల్' అన్న మాటనే కుదించి అలా రాస్తారు. అంటే కృత్రిమమైన పట్టు. ఇందులో మోసం లేదు, చీటీ ఉన్నమాటే చెబుతోంది. 'ఇమిటేషన్ జరీ' కూడా అంతే. అసలు జరీలో వెండి తీగకు బంగారు పూత ఉంటుంది. ఇమిటేషన్ జరీలో సాధారణంగా రాగి తీగకు వెండి పూత వేస్తారు. ఇదే జరీని అసలుదని చెప్పి అమ్మితే అప్పుడది 'ఫేక్' అవుతుంది. వస్తువు మారలేదు, అమ్మేవాని మాట మారింది.

తెలుగులో దొంగ నోటు, దొంగ సంతకం అని ఒకే మాటతో సరిపెట్టుకుంటాం. ఇంగ్లీషులో నోటు 'కౌంటర్‌ఫీట్', సంతకం 'ఫోర్జ్‌డ్'. అబద్ధపు వాంగ్మూలం 'ఫాల్స్'. కట్టుడు పళ్లను కూడా 'ఫాల్స్' అనే అంటారు, పాపం వాటి తప్పేమీ లేకపోయినా!

అన్నిటికంటె జాగ్రత్త పడవలసిన మాట 'డూప్లికేట్'. మన బజారులో డూప్లికేట్ అంటే నకిలీయే. ఇంగ్లీషులో దానికి ముఖ్యమైన అర్థం రెండవ ప్రతి. పదవ తరగతి సర్టిఫికెట్ పోయినప్పుడు బోర్డువారే ఇచ్చే ప్రతిని 'డూప్లికేట్ సర్టిఫికెట్' అంటారు. అది చెల్లుతుంది. ఉద్యోగపు దరఖాస్తులో దానినే 'ఫేక్ సర్టిఫికెట్' అని రాస్తే మీ మీద మీరే నేరం మోపుకున్నట్లవుతుంది. అలాగే, నకిలీ సరుకు అంటగట్టిన దుకాణదారు మీద ఫిర్యాదు రాస్తూ 'డూప్లికేట్ ఇచ్చాడు' అంటే, చదివే అధికారికి నేరమేమిటో అర్థం కాకపోవచ్చు.

సూరత్‌లో ప్రయోగశాలల్లో వజ్రాలు కూడా తయారవుతాయి. గనిలో దొరికే వజ్రం లాగే అవీ కర్బనమే. గాజు రాయి అలా కాదు, చూపుకు మాత్రమే వజ్రంలా ఉంటుంది.

పాఠ్యగత ప్రశ్న:
పై రెంటిలో దేనిని 'ఇమిటేషన్' అనాలి? కారణం రెండు వాక్యాల్లో రాయండి.