చిలకమర్తివారి చిరునవ్వు

ఒక కష్టము తీరకముందే మరియొక కష్టము వచ్చి పడుట లోకములో తరచుగా జరుగునదే. అట్టి స్థితిని చెప్పుటకు తెలుగువారు రెండు చక్కని సామెతలు కల్పించుకొనిరి. ‘గోరుచుట్టుపై రోకటిపోటు’ అనునది ఒకటి. ‘మూలిగే నక్కపై తాటిపండు పడినట్లు’ అనునది రెండవది. గోరుచుట్టు లేచిన వ్రేలికి నూలుపోగు తగిలినను ప్రాణము జివ్వుమనును. సరిగా దానిమీదనే రోకలి పడవలెనా? రోగముతో మూలుగుచున్న నక్కకు ఇంత అడవి ఉండగా తాటిచెట్టు క్రిందనే చోటు దొరకవలెనా? ఈ మాటలు వినినప్పుడు జాలియు కలుగును, నవ్వును వచ్చును. వీనిని కల్పించినవారు మేడలలో కూర్చున్నవారు కారు. వడ్లు దంచి చేతులు కాయలు కాచినవారు, తాటితోపుల నీడను బ్రతికినవారు. తమ కష్టమును తామే రవంత దూరమునుండి చూచి నవ్వగలిగినవారి నోటినుండియే ఇట్టి మాటలు వెలువడును.

గోదావరి సీమవారికి ఈ గుణము అలవడుటకు ఆ నదియే కొంత కారణము. ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్ట ఈ సీమను ధాన్యాగారముగా చేసెను. అయినను కష్టములు పూర్తిగా తొలగలేదు. 1986 ఆగస్టులో గోదావరి మహోగ్రముగా పొంగి ఊళ్లను ముంచెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలో లెక్కకు మిక్కిలిగా కొబ్బరిచెట్లను నేలకూల్చెను. కొబ్బరిమొక్క నాటినచో కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును గదా!

వరద తీసిన పిమ్మట లంక రైతు పొలమునకు పోవును. పంట పోయినదని అతనికి తెలియును. దానికై కంట తడి పెట్టును. కాని అంతటితో మరలి రాడు. నీరు విడిచిన ఒండ్రు ఎంత మందమున్నదో చేతితో తీసి చూచును. ఒండ్రు లేక ఇసుక మేట వేసియున్నచో, అందు పుచ్చపాదులు పెట్టవచ్చునా, దోసపాదులు పెట్టవచ్చునా అని ఆలోచించును. పోయినదానికై దుఃఖించుట సహజము. మిగిలినదానిని గుర్తించుట వివేకము. ఆ మిగిలినది ఎవరివలన మిగిలినదో మరువకుండుట కృతజ్ఞత. ఈ మూడును ఎరిగి, వానికి నాలుగవదిగా చిరునవ్వును చేర్చిన మహనీయుడొకరు ఈ సీమలోనే జన్మించిరి. వారే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు.

వారు 1867 సెప్టెంబరు 26వ తేదీన గోదావరి పశ్చిమ డెల్టాలోని ఖండవల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి రత్నమ్మగారు. వారి స్వగ్రామము వీరవాసరము. బాల్యమునుండియే వారికి రేచీకటి. పగలు ఏదో విధముగా సాగినను, ప్రొద్దు క్రుంకినంతనే లోకమంతయు మాసిపోవును. పల్లెలలో విద్యుద్దీపములు లేని కాలమది. ఆముదపు దీపము వెలుగులో మంచి చూపుగలవారికే అక్షరము కనబడుట కష్టము. ఇక రేచీకటిగల బాలునికి సంగతి వేరుగా చెప్పవలెనా?

మసక వెలుతురును గ్రహించు శక్తి కంటి వెనుకనున్న పొరలో సన్నగిల్లుటచే రేచీకటి కలుగును. ఆహారములో ఎ విటమిను లోపించుట దానికొక కారణము. అట్టిదానిని వైద్యుని సలహాతోను, ఆకుకూరలు, బొప్పాయి, పాలు మున్నగు ఆహారముతోను నయము చేయవచ్చును. వంశపారంపర్యముగా వచ్చు రేచీకటి వేరొకటి కలదు. అది మెల్లమెల్లగా పగటిచూపును గూడ హరింపవచ్చును. కారణమేదైనను, లక్ష్మీనరసింహముగారి చూపు వయస్సుతోపాటు తగ్గుచు వచ్చి, కడకు వారిని అంధులను చేసెను. ఒక్కసారిగా వచ్చిన ఆపదకంటె, వచ్చుచున్నదని తెలిసియు ఆపలేని ఆపద మనస్సును ఎక్కువగా క్రుంగదీయును. వారు అట్టి ఆపదతో చిన్ననాటినుండియు కాపురము చేసిరి.

అయినను వారు చదువు మానలేదు. కన్ను చేయలేని పనిని చెవికిని, జ్ఞాపకశక్తికిని అప్పగించిరి. 1889లో రాజమహేంద్రవరమున ఇన్నీసుపేట పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులుగా చేరిరి. చూపు మందగించిన ఉపాధ్యాయుడు తరగతిని అదుపులో ఉంచుట ఎంత కష్టమో వెనుకబల్లమీది బాలురకు బాగుగా తెలియును! ఆ దినములలోనే వారు నాటకములు వ్రాయ నారంభించిరి. కీచకవధ, గయోపాఖ్యానము మున్నగునవి అట్లు వెలువడినవి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజము వానిని ప్రదర్శించెను. పిమ్మట ఆంధ్రకేసరిగా ప్రఖ్యాతిగాంచిన టంగుటూరి ప్రకాశముగారు యౌవనమున గయోపాఖ్యానములో అర్జునుని వేషము ధరించిరి. ఆ నాటకము లక్ష ప్రతులు చెల్లినదని ప్రసిద్ధి. 1894లో వారి రామచంద్ర విజయము అను నవలకు చింతామణి పత్రికవారి బహుమతి లభించెను.

కన్నులు నానాటికి మసకబారుచున్న రచయిత ఏమి వ్రాయును? శోకకావ్యము వ్రాయునని ఎవరైనను తలంతురు. లక్ష్మీనరసింహముగారు ప్రహసనములు వ్రాసిరి. గణపతి అను హాస్యనవల వ్రాసిరి. అంతటితో ఆగక పకోడీమీద పద్యములు చెప్పిరి! రాజులను, దేవతలను వర్ణించుటకు ఉపయోగపడిన పద్యమును నూనెలో వేగిన శనగపిండి ముద్దకు అర్పించుటలోనే ఎంతో హాస్యమున్నది. ఆలోచించి చూచినచో అందొక విశేషమును స్ఫురించును. పకోడీని అనుభవించుటకు కంటితో అంతగా పనిలేదు. బాణలిలో నూనె చిటపటలాడుట చెవికి తెలియును. ఉల్లిపాయ కమ్మదనము ముక్కునకు తెలియును. కరకర పంటికి తెలియును. ఒక ద్వారము మూతపడుచున్నను, తక్కిన నాలుగు ద్వారములనుండి లోకము తన రుచులను అందించుచునే యుండును. ఆ రుచులను ఆనందముతో స్వీకరించుటయు కృతజ్ఞతయే.

‘నవ్వు నాలుగు విధముల చేటు’ అని తెలుగులో వేరొక సామెత కలదు. అట్లైనచో నవ్వవలెనా, మానవలెనా? ఇచట విచక్షణము అవసరము. ఇతరుని అవిటితనమును, లేమిని చూచి నవ్వెడి నవ్వు నిజముగా చేటే. అది నవ్వినవానిని చిన్నవానిగా చేయును. లక్ష్మీనరసింహముగారి నవ్వు అట్టిది కాదు. గణపతి నవలలో వారు గోదావరి పల్లెలలోని ఒక బీద కుటుంబము కథను మూడు తరములవరకు చెప్పిరి. అందు సోమరితనము, తిండిపోతుతనము, చదువురాని పంతులు బడి పెట్టుట మున్నగు వానిని చూపి మనలను కడుపుబ్బ నవ్వింతురు. పుస్తకము మూసిన తరువాత ‘అయ్యో, ఈ మూర్ఖత్వము మనలోను ఉన్నదే’ అను తలంపు కలుగును. దోషమును చూచి నవ్వి, మనిషిని చూచి జాలిపడుట వారి పద్ధతి.

ఆ నవ్వులో ధైర్యము గూడ కలదు. 1907లో వందేమాతరోద్యమ కాలమున బిపిన్‌చంద్ర పాల్ రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించినప్పుడు, ఆ ప్రసంగములను తెలుగులో వినిపించినవారు లక్ష్మీనరసింహముగారే. ఆ సందర్భమున వారు ఒక పద్యమును ఆశువుగా చెప్పిరి. అందు మన దేశము పాడియావు. మనము ఆకలితో ఏడ్చు లేగదూడలము. తెల్లదొరలు దూడల మూతులు బిగగట్టి పాలు పిదుకుకొను నేర్పరులైన గొల్లవారు. దేశమునకు పట్టిన దుర్దశను ఇంటి పెరటిలోని దృశ్యముగా మార్చి, పామరునికి గూడ అర్థమగునట్లు చెప్పిన ఆ పద్యము ఆంధ్రదేశమంతట మారుమ్రోగెను. దాస్యమునందు ఉన్నవాడు దొరను చూచి భయపడక అతనిని ఎత్తిపొడువగలిగినచో, సగము సంకెల తెగినట్లే గదా!

వారిని ‘ఆంధ్ర మిల్టను’ అని ప్రజలు గౌరవించిరి. మిల్టను ఆంగ్లేయ మహాకవి. ఆయన 1652 నాటికి చూపును పూర్తిగా కోల్పోయి, తన మహాకావ్యమును నోట చెప్పుచు ఇతరులచే వ్రాయించి, 1667లో ప్రకటించెను. లక్ష్మీనరసింహముగారును చూపు పోయిన తరువాత అట్లే ఇతరులచే చదివించుకొని, వ్రాయించుకొని గ్రంథరచన సాగించిరి. వార్ధక్యమున తమ స్వీయచరిత్రమును సైతము ఆ విధముగనే రచించిరి.

ఇట్టి జీవితములో ఒక చిక్కు కలదు. ప్రతి దినమును ప్రతి పుటకును ఇతరుల సాయము కోరవలసియుండుట అభిమానవంతునికి దుస్సహము. అట్టి స్థితిలో కొందరు కోపిష్ఠులగుదురు. సాయము చేయువారినే కసరుకొందురు. మరికొందరు తమను తాము నిందించుకొని మూలకు చేరుదురు. లక్ష్మీనరసింహముగారు ఈ రెండు త్రోవలను విడిచిరి. ఇతరుల కన్నులు తమకు ఇచ్చిన సాయమును అప్పుగా భావించినవారివలె ప్రవర్తించిరి. అప్పు ఎట్లు తీర్చవలెను? చదివి పెట్టినవానికి చదివి పెట్టుట ఆయనకు సాధ్యము కాదు. అందుచేత ఎవరికి వెలుగు అందలేదో వారికి అందించుటకు పూనుకొనిరి.

ఆ కాలమున దళిత బాలురను తక్కిన పిల్లలతోపాటు బడిలో కూర్చుండనీయని దురాచారము ప్రబలియుండెను. లక్ష్మీనరసింహముగారు 1909లో రాజమహేంద్రవరమున దళిత బాలుర కొరకు ఒక పాఠశాలను స్థాపించి, సంఘసంస్కర్త రాజా రామమోహనరాయల పేర దానికి రామమోహన పాఠశాల యని పేరిడిరి. దానిని సుమారు పదమూడేండ్లు నడపిరి. నిర్మలమైన కన్నులుండియు అక్షరమును చూడ నోచుకొనని బాలలకు, అక్షరము కనబడని పండితుడు బడి పెట్టెను! కృతజ్ఞత యనగా పెదవులతో చెప్పు వందనము మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1946 జూన్ 17వ తేదీన వారు కీర్తిశేషులైరి.

ఈ చరిత్రనుండి ఒక విషయమును జాగ్రత్తగా గ్రహింపవలెను. చిరునవ్వు వారికి చూపును మరల తేలేదు. కృతజ్ఞత వారి రాత్రులను పగళ్లుగా చేయలేదు. కష్టము మంచిదని, దానిని కోరుకొనవలెనని వారి జీవితము చెప్పుట లేదు. రోగమునకు వైద్యము చేయింపవలెను. అన్యాయమును ఎదిరింపవలెను. దుఃఖములో నున్న మిత్రుని వద్దకు పోయి ‘నవ్వుము’ అని బోధించుట గూడ తగదు. ముందు వాని ప్రక్కన కూర్చుండవలెను. వానికి కావలసిన పని చేసి పెట్టవలెను. నవ్వు వాని నోటనే, వాని వేళకే రావలెను.

మరి ఆ చిరునవ్వు చేసినదేమి? కష్టము కంటిని తీసికొన్నది గాని మనిషిని తీసికొనిపోకుండ అది కావలి కాచెను. వారియందు ఉపాధ్యాయుడు, నాటకకర్త, దేశభక్తుడు, పకోడీ ప్రియుడు చెక్కు చెదరక నిలిచిరి.

విద్యార్థులారా! పరీక్ష తప్పిన యేడే తండ్రికి జబ్బు చేయవచ్చును. ఆ వానకాలమే ఇల్లు కురిసి పుస్తకములు తడియవచ్చును. గోరుచుట్టుపై రోకటిపోటు ఎవరికిని తప్పదు. అట్టి దినమున ఏడ్చుటకు సిగ్గుపడకుడు. కాని కన్నులు తుడుచుకొనిన పిమ్మట, తడిసిన పుస్తకమును ఎండబెట్టుటకు చేయి కలిపినవారెవరో గుర్తుంచుకొనుడు. వారి మేలును మీకంటె ఎక్కువ అవసరములో నున్నవారికి మరలింపుడు. ఈ పని చేయుచున్నప్పుడు ఎక్కడనో ఒకచోట మీ అవస్థను చూచి మీకే నవ్వు వచ్చును. ఆ నవ్వును ఆపుకొనకుడు.

ప్రశ్నలు

1. కష్టములను గూర్చిన సామెతలలో జాలియు నవ్వును కలిసియున్నవని ఎట్లు చెప్పగలము?

2. లంక రైతు ప్రవర్తననుండి మనము గ్రహింపవలసిన దేమి?

3. ‘నవ్వు నాలుగు విధముల చేటు’ అను సామెత లక్ష్మీనరసింహముగారి హాస్యమునకు వర్తించునా? కారణములు తెలుపుము.

4. రామమోహన పాఠశాలను కృతజ్ఞతకు నిదర్శనముగా ఎందుకు చెప్పిరి?