పాఠం 9: చైన్ రంపం – శుభ్రత, పదును

9.1 పరిచయం

సరుగుడు, జామాయిల్ కోతలోను, తుఫానుకు దారిలో పడిన చెట్లను తొలగించడంలోను నేడు చైన్ రంపం బాగా వాడుకలో ఉంది. గొలుసు మొద్దుబారితే పని నిదానిస్తుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. రంపం తెగనప్పుడు మనం దానిని బలంగా అదుముతాం. చేతులు అలసిపోతాయి, పట్టు సడలుతుంది. ప్రమాదాలకు అది దారి తీస్తుంది. కనుక పదును పెట్టడం రంపం వాడే వారందరూ నేర్చుకోవలసిన పని.

9.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గొలుసు మొద్దుబారిందని గుర్తించగలుగుతారు.
• గొలుసును శుభ్రం చేయగలుగుతారు.
• తగిన ఆకురాయితో పళ్ళకు పదును పెట్టగలుగుతారు.

9.3 గుర్తించడం ఎలా?

రాలే పొట్టును చూడండి. పదునైన గొలుసు చెక్కను చిన్న పేళ్ళుగా తీస్తుంది. మొద్దుబారిన గొలుసు పిండిలాంటి సన్నని పొట్టు రాలుస్తుంది. కోత ఒక పక్కకు వంకర పోతుంటే, ఆ పక్క పళ్ళకూ రెండో పక్క పళ్ళకూ పదునులో తేడా వచ్చి ఉండవచ్చు.

9.4 శుభ్రం చేయడం

ముందుగా ఇంజను ఆపి చల్లారనివ్వండి. స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీయండి. కరెంటు రంపమైతే ప్లగ్ తీసివేయండి. చేతులకు మందపాటి తొడుగులు వేసుకోండి.

గొలుసును విప్పి, గోరువెచ్చని సబ్బునీటిలో కొంతసేపు నానబెట్టండి. పాత బ్రష్‌తో జిగురును, పొట్టును తోమండి. వెంటనే తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. లేకపోతే తుప్పు పడుతుంది. బారు గాడిలోని మురికిని, నూనె వచ్చే రంధ్రాన్ని కూడా సన్నని పుల్లతో శుభ్రం చేయండి.

9.5 పదును పెట్టడం

దీనికి గుండ్రటి ఆకురాయి కావాలి. దాని లావు గొలుసు పిచ్‌ను బట్టి ఉంటుంది. వరుసగా ఉన్న మూడు రివెట్ల దూరంలో సగాన్ని పిచ్ అంటారు. సాధారణంగా 0.325 అంగుళాల గొలుసుకు 4.8 మి.మీ., చిన్న రంపాల 3/8 అంగుళం లో-ప్రొఫైల్ గొలుసుకు 4 మి.మీ. ఆకురాయి సరిపోతుంది. మీ రంపంతో వచ్చిన పుస్తకంలో సరిచూసుకోండి.

1. గొలుసును తిరిగి బారుకు ఎక్కించి బిగించండి. పై అంచున పళ్ళ కోసే మొన బారు కొన వైపు ఉండాలి. బారును వైస్‌లో పట్టించండి.
2. అన్నిటికంటె పొట్టి పన్నును వెతికి సుద్దతో గుర్తు పెట్టండి. అదే మిగిలిన పళ్ళకు కొలత.
3. ఆకురాయిని బారుకు అడ్డంగా పెట్టి, పన్ను మీది గీత ప్రకారం వాలుగా తిప్పండి. చాలా గొలుసులకు ఈ వాలు 30 డిగ్రీలు.
4. పన్ను లోపలి నుంచి బయటకు నెట్టండి. వెనక్కు తెచ్చేటప్పుడు ఆకురాయిని ఎత్తండి, రుద్దకూడదు.
5. ఒక వైపు పళ్ళన్నీ పూర్తి చేసి, తరువాత రెండో వైపుకు రండి. పొట్టి పన్నుకు ఎన్నిసార్లు నెట్టారో లెక్కించుకోండి. పొడవైన వాటికి అవి దానితో సమానమయ్యే వరకు నెట్టండి.

9.6 డెప్త్ గేజ్

ప్రతి పన్ను ముందు ఒక చిన్న దిమ్మ ఉంటుంది. పన్ను చెక్కలోకి ఎంత లోతు దిగాలో అది నిర్ణయిస్తుంది. పన్ను అరిగేకొద్దీ దీనిని కూడా చదును ఆకురాయితో, గేజ్ పలక పెట్టి కొద్దిగా తగ్గించాలి. చాలా గొలుసులకు ఈ తేడా సుమారు 0.65 మి.మీ. కంటి అంచనాతో ఎక్కువ అరగదీయకండి. అప్పుడు పన్ను చెక్కను లోతుగా పట్టుకుంటుంది. రంపం ఒక్కసారిగా వెనక్కు ఎగిరి మనిషి మీదికి వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

చివరగా ఇనుప రజను దులిపి, గొలుసుకు నూనె పట్టించండి.

పాఠంలోని ప్రశ్నలు

1. పిండిలాంటి పొట్టు రాలితే ఏమని తెలుసుకోవాలి?
2. ఏ పన్నును కొలతగా తీసుకోవాలి?
3. డెప్త్ గేజ్‌ను ఎక్కువగా అరగదీస్తే ఏమి జరుగుతుంది?

9.7 సారాంశం

ముందు శుభ్రం, తరువాత పదును, చివర నూనె. పళ్ళన్నీ ఒకే పొడవు, ఒకే వాలులో ఉన్నప్పుడే కోత తిన్నగా సాగుతుంది. పదునైన రంపాన్ని బలంగా అదమవలసిన అవసరం ఉండదు.

జవాబులు

1. గొలుసు మొద్దుబారిందని. 2. అన్నిటికంటె పొట్టి పన్నును. 3. రంపం వెనక్కు ఎగిరే ప్రమాదం పెరుగుతుంది.