మూత్రకృచ్ఛ్రం, గుహ్యచర్మపు మంట: పురుషులు గ్రహించవలసిన భేదం

కృచ్ఛ్రమంటే కష్టం. మంటతోగాని నొప్పితోగాని మూత్రం వెలువడటమే మూత్రకృచ్ఛ్రం. వాత, పిత్త, కఫ, సన్నిపాతాల వల్ల నాలుగు, అశ్మరి, శర్కర, శుక్ర, రక్తాల వల్ల నాలుగు, వెరసి ఎనిమిది విధాలని చరక సంహిత చెబుతున్నది. మూత్రం దిగక నిలిచిపోయే మూత్రాఘాతం దీనికి భిన్నమైనది.

అయితే "మూత్రంలో మంటండీ" అంటూ నా వద్దకు వచ్చే పురుషులలో పలువురికి దోషం మూత్రంలో ఉండదు, చర్మంలో ఉంటుంది. కనుక నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: మంట లోపలినుంచి పుడుతున్నదా, మూత్రం బయటి చర్మాన్ని తాకినప్పుడు కలుగుతున్నదా? లోపలి వ్యాధిలో మాటిమాటికి వెళ్ళవలసి రావటం, పొత్తికడుపులో పోటు, మూత్రం కలక బారటం కానవస్తాయి. బయటిదైతే శిశ్నాగ్రం ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, ముందోలు సన్నగా చిట్లుతుంది, దాని క్రింద పెరుగు తరకవంటి తెల్లని పొర చేరుతుంది.

యాభై ఏళ్ళ ఉపాధ్యాయుడొకరు ఇరుగుపొరుగు మాట విని మూడు నెలలు బార్లీ నీరు త్రాగి నా వద్దకు వచ్చారు. పరీక్షిస్తే ముందోలంతా పగుళ్ళు. రక్తపరీక్ష చేయిస్తే చక్కెర మూడు వందలు దాటింది. తనకు మధుమేహమున్నట్లు ఆయనకు అప్పటిదాకా తెలియదు! మూత్రానికి చీమలు పట్టడాన్ని మన ప్రాచీనులు ప్రమేహ లక్షణంగా గుర్తించారు. ఆ తీపే చర్మంపై శిలీంధ్రాలను పెంచుతుంది. చక్కెరను మూత్రం ద్వారా వెళ్ళగొట్టే డపాగ్లిఫ్లోజిన్ వంటి నేటి మాత్రలు వాడేవారికి కూడా ఈ బాధ రావచ్చు. అట్టివారు మందు తమంతట తాము మానక, వ్రాసిచ్చిన వైద్యునికి చెప్పాలి.

సిగ్గుచేత చాలామంది మందుల దుకాణంలో స్టెరాయిడ్ కలిసిన లేపనం కొని రాస్తారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది. పిదప చర్మం పలుచబడి, తామర గజ్జలదాకా ప్రాకుతుంది. నిమ్మరసం, కర్పూరం, డెట్టాల్ వంటివి ఆ సున్నితమైన చర్మానికి తగవు. రోజుకొకసారి ముందోలును మెల్లగా వెనుకకు తీసి, సబ్బు లేకుండా గోరువెచ్చని నీటితో కడిగి, తడి అద్ది, తిరిగి ముందుకు తేవాలి. చల్లార్చి వడకట్టిన త్రిఫలా కషాయంతో కడగటం మా సంప్రదాయం, చురుక్కుమంటే మానాలి. శిలీంధ్రమని తేలినచోట దానికి తగిన ఆధునిక లేపనం వాడమనడానికి నేను సంకోచించను.

మూత్రనాళంనుంచి చీముగాని జిగురుగాని కారుతుంటే అది సంపర్కం వల్ల సోకిన వ్యాధి కావచ్చు. ఇక్కడే గృహవైద్యం మోసం చేస్తుంది. నీళ్ళు ఎక్కువ త్రాగితే మూత్రం పలుచబడి మంట తగ్గుతుంది, వ్యాధి మాత్రం ఉంటుంది. అది భార్యకు సోకితే లక్షణాలేవీ లేకుండానే గర్భాశయనాళాలను దెబ్బతీసి సంతానలేమికి దారితీయవచ్చు. కనుక దంపతులిద్దరికీ పరీక్ష, చికిత్స ఒకేసారి జరగాలి, నయమయ్యేవరకు సంపర్కం కూడదు.

ఎండలో తిరిగి, నీరు చాలక కలిగిన స్వల్పమైన మంటకు చెంచాడు ధనియాలు నలగగొట్టి, గ్లాసు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడకట్టి త్రాగవచ్చు. పటికబెల్లం రుచికే, మధుమేహులకు అది వద్దు. పది గ్రాముల పల్లేరు కాయలను రెండు గ్లాసుల నీటిలో సగమయ్యేలా కాచిన కషాయమూ మంచిదే. మూత్రపిండాల, గుండె జబ్బులున్నవారు వైద్యుని అడగకుండా వీటిని పుచ్చుకోరాదు. రెండు రోజులలో తగ్గకపోతే మూత్రపరీక్ష, కల్చర్ చేయించాలి. పురుషులలో మూత్రంలో సూక్ష్మజీవులు చేరటం స్త్రీలలోకన్న అరుదు. చేరినప్పుడు రాయి, ప్రొస్టేట్ గ్రంథి వాపు వంటి కారణాన్ని వెదకాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, మొదటి ధార వదిలి మధ్యధారను శుభ్రమైన సీసాలో పట్టి ఇవ్వాలి.

చలిజ్వరం, నడుము ప్రక్కన పోటు, మూత్రంలో రక్తం, వృషణాల నొప్పి, మూత్రం బిగబట్టుకుపోవటం, వెనుకకు తీసిన ముందోలు వాచి తిరిగి రాకపోవటం: వీటిలో ఏది కనిపించినా కషాయాలు కాచుకుంటూ కూర్చోక, తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.