పెట్టెలో మామ్మ ఫోటో లేదు

పొందూరు దగ్గర మా ఊళ్ళో పెంకుటిల్లు విప్పేద్దామనుకున్నాక, అటక మీంచి ట్రంకు పెట్టె దిగింది. మూత నిండా తుప్పు, లోపల మూడు తరాలు. దాన్ని విజయనగరంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. నాకు 76 ఏళ్ళు, బడిపంతులుగా రిటైరయ్యాను. మా అప్పకు, అంటే అక్కకు, 84. హైదరాబాదులో ఉద్యోగం చేసే మనవడు, "ఒక్క మధ్యాహ్నం చాలు తాతా, అన్నీ ఫోన్‌లోకి లాగేస్తాను" అన్నాడు. నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజుల్లో నేను చేసిన తప్పులే ఈ పాఠాల్లో సగం.

1. పండగ పూట పెట్టె తెరవొద్దు

అందరూ ఉంటారు కదా అని మేం కనుమ నాడు తెరిచాం. అందరూ ఉన్నారు, అందరి చేతులకీ అరిసెల నూనె కూడా ఉంది. పాత గ్రూపు ఫోటో ఒకదాని మూల ఆ వేలిముద్ర ఇంకా కనబడుతోంది. తుడవబోతే ఇంకాస్త పాకింది. ఈ పనికి ఇద్దరు ముగ్గురు చాలు. చేతులు కడుక్కుని బాగా తుడుచుకోవాలి. నేల మీద ఉతికిన పాత పంచె పరచాలి. ఫోటోను అంచులు పట్టుకునే ఎత్తాలి. మనది సముద్రపు గాలి తగిలే నేల, వానాకాలంలో కాగితం చెమ్మగిల్లి ఉంటుంది. మాఘమాసపు పొడి మధ్యాహ్నాలు మంచివి.

2. వరస చెడగొట్టొద్దు

పంతులు బుద్ధి పోనిచ్చుకోక నేను మొదటిరోజే అన్నీ కుప్పలు పెట్టేశాను. నాన్నవి ఒక పక్క, అమ్మవి ఒక పక్క, పెళ్ళిళ్ళు ఇంకో పక్క. తరవాత అప్ప వచ్చి, "ఆ పురికొస కట్టలో మనియార్డరు ముక్కలతో పాటు ఏ ఫోటో ఉందిరా?" అంది. నాకు తెలీదు. ఆ ముక్కల మీద తేదీలున్నాయి. వాటితో కలిసి ఉన్న ఫోటో ఏ ఏటిదో అవే చెప్పేవి. కట్ట విప్పాను, సాక్ష్యం పోయింది. ఏది దేని పక్కన ఉంది, ఏ కవర్లో ఉంది అన్నది కూడా ఒక రాతే. పొర ఎత్తే ముందు ఆ పొరను ఉన్నదున్నట్టు ఒక ఫోటో తీసి పెట్టుకోవాలి.

3. ముందు వెనక్కి తిప్పి చూడాలి

మా తాత ఫోటో ఒక్కటే ఉంది, అరచేతి కంటే కాస్త పెద్దది. వెనక్కి తిప్పితే పోస్టుకార్డు అచ్చు, నడుమ నిలువు గీత, ఒక పక్క వెలిసిపోయిన సిరా. ఆ రోజుల్లో స్టూడియోలు ఫోటోను నేరుగా కార్డు మీదే వేసి ఇచ్చేవి. అలాగే అంచెలో పడేయొచ్చు. చిరునామా అస్సలు ఆనలేదు, పక్కన పెట్టేశాను. దాని కథ చివర చెబుతాను.

వెనక ఏమీ రాయకపోయినా కాగితమే కొంత చెబుతుంది. రంపపు పళ్ళలాంటి అంచులున్న చిన్న ఫోటోలు మా ఇంట్లో నా చదువు రోజులవి. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండి రేణువులది, అందుకే అంతకాలం నిలిచింది. 1980ల నాటి మా రంగుల ఫోటోలు మాత్రం ఎర్రబారాయి. వాటిలోని నీలి వన్నె చీకట్లో దాచినా ముందు వెలిసిపోతుంది. పెళ్ళికూతురి పచ్చచీర ఎర్రచీర అయిపోయిందని మా ఇంట్లో ఒక గొడవ కూడా నడిచింది.

4. ఫోటోలో సామాను ఎవరిదో అడగాలి

పోస్టుకార్డు అచ్చున్న ఆ ఫోటో తాత రంగంలో తీయించుకున్నది. మా వైపు రంగూన్ అనరు, రంగం అంటారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి వేలమంది బియ్యం మిల్లులకీ రేవు పనులకీ వెళ్ళారు. అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలనేవాళ్ళు. ఫోటోలో మా తాత కోటు వేసుకుని, కుర్చీ మీద చెయ్యేసి, వెనక స్తంభాలూ పూలకుండీలూ ఉన్న తెరతో దొరలా నిలబడ్డాడు. జేబులో పెన్ను. మా తాత వేలిముద్ర వేసేవాడు!

గుట్టు పెట్టెలోనే దొరికింది. అదే ఊరినుంచి వెళ్ళిన మా చిన్నతాతదీ ఒక ఫోటో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాం. అదే కోటు, మూడో గుండీ అంచు విరిగింది. పెన్నూ అదే జేబులో. కోటు స్టూడియోది. తాత నిజానికి మిల్లులో బస్తాలు మోసేవాడు. ఫోటో అబద్ధమాడిందని నేననను. ఇంట్లోవాళ్ళు బెంగపెట్టుకోకూడదని అద్దెకోటులో నిలబడ్డ మనిషి అందులో ఉన్నాడు. ఆ కోటు సంగతి రాసిపెట్టకపోతే మనవలు మా తాతను గుమాస్తా చేసేస్తారు.

5. దాచుకున్నది పోవచ్చు, పంపినది మిగలొచ్చు

1941 డిసెంబరు 23న రంగం మీద జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8కి ఊరు వాళ్ళ చేతికి పోయింది. ఆ నెలల్లో లక్షలమంది మనవాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. తాత ఇల్లు చేరేసరికి ఒంటిమీద గుడ్డ తప్ప ఏమీ లేదని నాన్న చెప్పేవాడు. టేకు పెట్టె, కూడబెట్టిన డబ్బు, బట్టలు అక్కడే పోయాయి. ముందే అంచెలో పంపేసిన ఆ ఒక్క కార్డూ మిగిలింది.

అందుకని ఇప్పుడు నేను అసలు ఫోటోలు ఒకచోట ఉంచి, నకళ్ళు అందరికీ పంచేశాను. చిన్న ఫోటోలను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే పెద్దవి చేసుకున్నా బాగుంటాయి. ఫోన్‌లో ఉంది కదా అని ఊరుకోవద్దు. మా కోడలు ఫోన్ మార్చినప్పుడు మూడేళ్ళ పుట్టినరోజులు పోయాయి. మూడు ఊళ్ళలో మూడు నకళ్ళు ఉండాలి.

6. "ఇదెవరు?" అని అడగొద్దు

84 ఏళ్ళ మనిషి ముందు ఫోటో పెట్టి "ఇదెవరు?" అంటే అది పరీక్ష. పేరు తట్టకపోతే వాళ్ళు చిన్నబోతారు, ఇంక నోరు విప్పరు. "ఈ అరుగు ఎవరింటిది?", "ఈ చీర ఎక్కడ కొన్నారు?" అని మొదలెట్టాలి. ఒక ఫోటో ముందు అప్ప అరగంట తడుముకుంది. మనవడు వెనకున్న రుబ్బురోలు చూపించాడు. "ఓలమ్మ, ఇది మన పెద్దబావిది కాదేటి! ఆ రోలు పగిలిపోనాది. అయితే ఇది ఈదిగుమ్మం కాడి పెళ్ళి" అంటూ వరసగా పదకొండు పేర్లు చెప్పింది. మనిషి మొహం మరిచిపోయినా, పిండి రుబ్బిన చెయ్యి రోలును మరిచిపోదు. ఇద్దరు పెద్దవాళ్ళుంటే విడివిడిగా అడగాలి. మాట కలవకపోతే ఇద్దరు చెప్పిందీ రాయాలి. మనం తీర్పరులం కాదు.

7. వెనకాల "మన పెద్దోడు" అని రాయొద్దు

మా నాన్న రాసిందే అది. ఎవరి పెద్దోడు? మా ఇంట్లో నాలుగు తరాలకీ ఒక్కో పెద్దోడున్నాడు. ఇంటిపేరుతో సహా పేరు, ఊరు, ఏ ఏడు, చెప్పిందెవరు అన్నవి రాయాలి. "అమ్మ", "తాత" అన్న మాటలు రాసినవాడితోనే చెల్లిపోతాయి. మెత్తటి పెన్సిలుతో, గట్టి పలక మీద బోర్లా పెట్టి, అంచు దగ్గర ఒత్తకుండా రాయాలి. బాల్‌పెన్ను గీత బొమ్మవైపు తేలుతుంది, ఇంకు పక్క ఫోటోకి అంటుకుంటుంది.

8. అద్దానికి అంటుకున్నదాన్ని లాగొద్దు

1972లో నా మొదటి జీతంతో అమ్మానాన్నలకు పటం కట్టించాను. గోడ చెమ్మకి ఫోటో అద్దానికి పట్టేసింది. మెల్లగా లాగాననే అనుకున్నాను. అమ్మ బుగ్గ అద్దం మీద ఉండిపోయింది. ఫోటో పైపొర జిలటిన్, తడికి ఉబ్బి జిగురులా పట్టేస్తుంది. కిటికీ పక్కన పెట్టి, మెరుపు పడకుండా అద్దంలోంచే ఫోటో తీసుకుంటే సరిపోయేది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు పలాస వైపు మా చుట్టాలింట్లో ఆల్బమ్ తడిసింది. ఎండలో పెట్టారు, అన్నీ చుట్టచుట్టుకుని ఒకదానికొకటి అతుక్కున్నాయి. తడిసినవాటిని తడి మీదే విడదీసి, మంచినీళ్ళలో ఒకసారి జాడించి, బొమ్మ పైకి ఉండేలా నీడలో గుడ్డ మీద ఆరబెట్టాలి. వెంటనే కుదరకపోతే సంచిలో పెట్టి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి, తీరికగా చేసుకోవచ్చు. ఇక పెట్టెకు అటకా వద్దు, నేలా వద్దు. ఒకచోట వేడి, ఒకచోట చెమ్మ. బీరువా నడిమి అర మంచిది.

9. అన్నీ చదవక్కర్లేదు, అన్నీ దాచక్కర్లేదు

పొలం దస్తావేజులు, పాసుపుస్తకాలు వేరే సంచిలో పెట్టాం, వాటి జోలికి పోకూడదు. ఉత్తరాలు తేదీల వారీగా కట్టాం. గురజాడ 1915లో పోయారు. ఆయన డైరీలూ ఉత్తరాలూ నిలబడబట్టే విజయనగరంలో ఆయన రోజులెలా గడిచాయో మనకు తెలిసింది. మా ఇంటి ఉత్తరాలు అంతటివి కావు, కానీ ఏ కాగితం ఎప్పుడు పనికొస్తుందో తెలీదు.

ఒక్క కాగితం మాత్రం చింపేశాను. మా నాన్న దగ్గర ఒకాయన నలభై రూపాయలు తీసుకుని రాసిచ్చిన ప్రోనోటు అది. మూడేళ్ళకే కాలదోషం పట్టేది, ఇప్పటికి అరవై ఏళ్ళు దాటింది. ఆయన మనవలు మా ఇంటికి వచ్చిపోతుంటారు. చరిత్ర పాడుచేశావని తమ్ముడు కోప్పడ్డాడు. పొరుగు పాడవ్వలేదు కదా అన్నాను.

10. చెత్త అనుకున్నదాన్ని ఆఖర్న పారేయాలి

పెట్టె అడుగున గుడ్డముక్కలో చుట్టిన ఎముక ఒకటి దొరికింది. జానెడు కూడా లేదు, కాస్త వంపు, లోపలివైపు దువ్వెనలా సన్నటి పళ్ళు. మనవడు ముక్కు మూసుకుని చెత్తబుట్టవైపు నడిచాడు.

"ఒగ్గీకురా! అది మామ్మ దవడ!" అని అరిచింది అప్ప.

వాడి చేతిలోంచి అది జారిపోయింది. అప్ప నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. అది వాలుగ చేప దవడ. పొందూరు సన్ననూలు ఒడికేవాళ్ళు కొండపత్తిని గింజతో సహా ఆ పళ్ళ మీద దువ్వుతారు. నలకలు పోయి పోగులు తిన్నగా వస్తాయి. రంగం నుంచి డబ్బు ఆగిపోయి, తాత బతికున్నాడో లేడో తెలియని ఆ నెలల్లో, ఇంట్లో కుండ పొయ్యెక్కింది ఆ దవడ మీదే.

మామ్మ ఫోటో పెట్టెలో లేదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఎప్పుడూ తీయించుకోలేదు. పెట్టెలో ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు స్టూడియో గడప తొక్కినవాళ్ళే. గడప తొక్కనివాళ్ళు సామానై మిగిలారు. మరుసటిరోజు బజారునుంచి పత్తి తెప్పించాం. అప్ప ఆ దవడను ఎడంచేత పట్టి, కుడిచేత్తో దువ్వి చూపించింది. చెయ్యి వణికింది కానీ దారి తప్పలేదు. మనవడు అది వీడియో తీశాడు.

చీటీ రాసి కట్టబోతే పెన్సిలు ఆగిపోయింది. "మామ్మ" అని రాయకూడదని నేనే చెప్పాను కదా. ఆవిడ పేరేమిటి? నాకు తెలీదు. అప్పకూ తెలీదు. తాత ఎప్పుడూ "ఇదిగో" అనే పిలిచేవాడట. అప్పుడు మనవడు తాత ఫోటో వెనక్కి తిప్పి, ఫోన్ లైటును పక్కవాటుగా పట్టాడు. వెలిసిన సిరా గాడి కొంచెం లేచింది. రంగంలో ఎవరిచేతో రాయించిన చిరునామా. నోటితో పలకని పేరును అంచెవాడి కోసం కాగితం మీద చెప్పక తప్పలేదు ఆయనకి.

మొదటి రెండక్షరాలు తేటగా ఉన్నాయి. చివరి అక్షరం అప్పకు ఒకలా, నాకు ఒకలా ఆనింది. చీటీ మీద రెండూ రాశాం.