పాత ఇంజనుకు కొత్త గేరుబాక్సు

అచ్చంపేట నుంచి శ్రీశైలం వెళ్ళే బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికితే, ఒక సంగతి గమనించండి. మన్ననూరు దాటి నల్లమల అడవిలో సాగిన రోడ్డు, ఈగలపెంట తర్వాత మెలికలు తిరుగుతూ కృష్ణానది వైపు దిగుతుంది. దిగుడు మొదలవగానే డ్రైవరు గేరు తగ్గిస్తాడు. ఇంజను హోరు పెరుగుతుంది గాని బండి నెమ్మదిస్తుంది! అప్పుడు ఇంజను చక్రాలను తిప్పడం లేదు. చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయి. ఆ శ్రమలో వాటి జోరు తగ్గుతుంది.

ఈ సాయం లేకపోతే ఏమవుతుంది? మనుషులతో కలిపి 1500 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. 1500 × 9.8 × 100, అంటే దాదాపు 14.7 లక్షల జౌళ్ళ శక్తి. 20 డిగ్రీల వేడి ఉన్న నీటిని నాలుగు లీటర్లకు పైగా మరిగే స్థితికి తేవడానికి అది చాలు. ఆ వేడంతా బ్రేకులే భరిస్తే అవి కాగిపోయి పట్టు సడలుతుంది.

ఇక మన పాత అంబాసిడర్ కారు దగ్గరకు వద్దాం. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1957లో మన దేశంలో మొదలైన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. తొలి కార్లలో నాలుగు గేర్లు. గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండేది. 1990లలో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్‌కు ఐదు గేర్లు, కర్ర కింద. పాత గేరుబాక్సు అరిగిపోతే ఇటువంటి ఐదు గేర్లది అమర్చుకోవాలని కొందరికి ముచ్చట. అందులో లాభం లేకపోలేదు. నాలుగో గేరులో నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజను, 0.8 నిష్పత్తి గల ఐదో గేరులో అదే వేగానికి 2400 చుట్లే తిరుగుతుంది.

అయితే ఒక ఇంజను కోసం చేసిన గేరుబాక్సు మరొకదానికి తిన్నగా అతకదు. బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుగా రావు. అందుకని రెండింటి మధ్య మందపాటి లోహపు పలక పెడతారు. పలక మందమెంతో గేరుబాక్సు అంత వెనక్కి పోతుంది. అప్పుడు దాని ఇరుసు కొన, క్రాంకు చివర ఉండే చిన్న కంచు బుష్‌ను అందుకోకపోవచ్చు. ఆ లోటు పూడ్చాలి. క్లచ్ ప్లేటుదీ ఇదే చిక్కు: దాని అంచు పాత ఫ్లైవీలుకు సరిపోవాలి, నడుమనున్న గాళ్ళు కొత్త ఇరుసుకు సరిపోవాలి.

ఇవన్నీ కొలిచి చేయించుకోగల పనులే. అసలు కష్టం వేరే ఉంది. క్రాంకు, గేరుబాక్సు ఇరుసు ఒకే సరళరేఖ మీద ఉండాలి. తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదని సాధారణంగా చూసుకుంటారు. అది ఇంచుమించు మీ తల వెంట్రుక మందం! బోల్టులు బిగించి ఉంచుతాయే తప్ప స్థానం చూపవు. బోల్టుకూ రంధ్రానికీ మధ్య కొంత సందు ఉంటుంది గదా! స్థానం నిలిపేవి రంధ్రాల్లో బిర్రుగా కూర్చునే డోవెల్ పిన్నులు.

ఈ తేడాను కంటితో చూడలేం. ఫ్లైవీలుకు డయల్ గేజి తగిలించి, దాని మొనను గేరుబాక్సు గూటి నడిమి రంధ్రపు అంచుకు ఆనించి, క్రాంకును చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పుతారు. ముల్లు మొత్తం 0.2 మిల్లీమీటర్లు కదిలితే కేంద్రం తప్పింది అందులో సగం, అంటే 0.1. ఎందుకు సగమో కాగితం మీద రెండు వృత్తాలు గీసి మీరే తేల్చండి.

తేడా ఎక్కువైతే ఇరుసు ప్రతి చుట్టులోనూ కొద్దిగా వంగుతుంది. 3000 చుట్లంటే సెకనుకు 50 సార్లు. మూడు గంటల ప్రయాణంలో 5,40,000 సార్లు! ముందు కంచు బుష్ అరుగుతుంది, తర్వాత బేరింగు కూస్తుంది. పట్టణంలో తిరిగేటప్పుడు ఇది పెద్దగా తెలియకపోవచ్చు. చివరకు చక్రాల పళ్ళు సరిగా కలవక, గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కు వస్తుంది. ఈగలపెంట దిగుడులో అలా జరిగితే ఇంజను పట్టు ఒక్కసారిగా పోయి, ఆ లక్షల జౌళ్ళ భారం బ్రేకుల మీదే పడుతుంది.

గేరుబాక్సు పొడవు మారితే వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా తగినంత కోయించాలి లేదా పొడిగించాలి. స్పీడోమీటరు తప్పు చూపవచ్చు. కిలోమీటరు రాళ్ళ మధ్య కారు నడిపి, పక్కనున్నవారి చేత గడియారంతో సరిచూడవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రాయికీ రాయికీ మధ్య సరిగ్గా ఒక నిమిషం పట్టాలి.