ఎంకిపాట యేల నిలిచినది?

ఏలూరునకు సమీపమందలి వసంతవాడలో 1895లో జన్మించి, ఏలూరున న్యాయవాదిగా నుండిన నండూరి వెంకట సుబ్బారావుగారి ఎంకిపాటలు 1925లో పుస్తకరూపమున వెలువడినవి. నూరేండ్లు నిండినను అవి పాతబడలేదు. కారణమేమో విచారింతము.

భాషయే కారణమని పలువురందురు. నాయుడుబావయు ఎంకియు పల్లెవారి పలుకులే పలుకుదురు. (ఈ మాటను గ్రాంథికమున వ్రాయుట మాకే వింతగా నున్నది.) 1928లో అక్కిరాజు ఉమాకాంతముగారు తమ 'నేటికాలపు కవిత్వము'న వీనిని తీవ్రముగా విమర్శించిరి. అదియు నట్లుండనిండు. పల్లెవాని మాటను ప్లీడరు వ్రాసినచో నది వేషము కాదా?

ఇట్టి ప్రశ్నయే అమెరికాలో 'సమ్మర్‌టైమ్' అను జోలపాట విషయమునను పుట్టెను. డుబోస్ హేవర్డ్ అను తెల్లవాడు చార్లెస్టన్ రేవునందలి నల్లజాతి బీదలపై వ్రాసిన 'పోర్గీ' నవలయు 1925 నాటిదే. దానిని 1935లో జార్జి గెర్ష్విన్ సంగీతనాటకముగా రచించెను. నల్లజాతి కళావేత్తలలో కొందఱు దానిని తప్పుపట్టిరి. అందు క్లారా యను తల్లి, భయము లేదని చెప్పుచు బిడ్డను జోకొట్టును. చేపలవేటకు పోయిన భర్త తుపానున చిక్కును. అతనికై పరుగెత్తిన ఆమెయు మరలి రాదు. పిమ్మట ఆ తల్లిలేని బిడ్డకు బెస్ యనునామె యా పాటనే పాడును. మాటలవే, వినువారి గుండె మాత్రము వేఱు. కొల్లేటి లంకలవారికి దీనిని వివరింప నక్కఱలేదు.

ఆ పాట వరుస చాల భాగము అయిదు స్వరములలోనే, మన శుద్ధధన్యాసికి దగ్గఱగా నడచును. కావున గాయకునకు చోటెక్కువ. 1936లో బిల్లీ హాలిడే దానిని చుఱుకుగా పాడెను. 1957లో ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగులు నెమ్మదిగా పాడిరి. 1958లో మైల్స్ డేవిస్ మాటలే లేక బాకాపై వాయించెను. వీరందఱును నల్లజాతివారే. తెల్లవారు కట్టిన పాటను వారు తమదిగా చేసికొనిరి.

ఎంకిపాటలలోను ఇట్టి చోటు కలదు. ఎంకి యెవరి బిడ్డయో, ఏ యూరిదో కవి విప్పి చెప్పడు. ఏ పాటకాపాటయే నిలుచును, ముందు కథ తెలియ నక్కఱలేదు. కావుననే శ్రీరంగం గోపాలరత్నముగారు ఆకాశవాణిలో పాడినప్పుడు ఎంకి ఆమె గొంతుననే పుట్టినట్లు తోచెను. నేడు తాడేపల్లిగూడెపు బడిపిల్లలకు ఆ పలుకులలో కొన్నింటి కర్థము చెప్పవలసివచ్చును. ముందు పాట వినిపించినచో, అర్థమడుగువారు తక్కువ.