కారులో హార్న్ స్పీకర్లు: ఎవరికి బిగించాలి, ఎవరికి వద్దనాలి

కౌంటర్ దగ్గరికొచ్చిన కుర్రాడు ఫోన్‌లో ఓ పోటీ కారు వీడియో చూపించి, ‘అన్నా, ఇలాంటి హార్న్ స్పీకర్లు మన కారుకు పడతాయా?’ అని అడుగుతాడు. పడతాయంటే పెద్ద బిల్లు. వద్దంటే పక్క షాపుకు పోతాడేమోనని భయం. కార్ ఆడియో పని చేసే ఫిట్టర్లు, కొత్తగా షాపు పెట్టుకున్నవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. రోజూ ఆఫీసుకు, వారాంతంలో ఊరికి తిరిగే కారుకు హార్న్‌లు దండగ. పోటీలకు వెళ్లే కారుకు, ట్యూనింగ్ మీద నెలల తరబడి కూర్చునే ఓపిక ఉన్న యజమానికి మాత్రం వాటి విలువ వాటికి ఉంది. ఎందుకో కస్టమర్‌కు లెక్కతో చెప్పగలగాలి.

హార్న్ బలం ఎక్కడుంది?

టాకీలు వచ్చిన కొత్తలో సినిమా హాళ్లలో ఆంప్లిఫయర్ల శక్తి కొద్ది వాట్లే. అంత తక్కువ శక్తితో వెనక బెంచీ దాకా మాట వినిపించాలంటే హార్న్ తప్ప దారి లేదు. చిన్న డయాఫ్రమ్ నుంచి వచ్చే శబ్దాన్ని క్రమంగా వెడల్పయ్యే గొట్టం బయటి గాలికి సమర్థంగా అందిస్తుంది. అందుకే ఆంప్లిఫయర్ ఇచ్చిన శక్తిలో మామూలు స్పీకర్‌లో కంటే ఎక్కువ వంతు శబ్దంగా మారుతుంది.

డబ్బా మీద ‘సెన్సిటివిటీ’ అని రాసి ఉండే అంకె చూడండి. మామూలు కారు స్పీకర్ ఒక వాట్‌కు, ఒక మీటరు దూరంలో సుమారు 90 డెసిబెల్స్ ఇస్తుంది. హార్న్‌కు బిగించిన కంప్రెషన్ డ్రైవర్ 105 నుంచి 110 దాకా ఇస్తుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కు కావలసిన వాట్లు రెట్టింపవుతాయి, 10 డెసిబెల్స్‌కు పది రెట్లవుతాయి. అంటే 108 డెసిబెల్స్ హార్న్ ఆరో వంతు వాట్‌తో చేసే మోతకు మామూలు స్పీకర్‌కు 10 వాట్లు కావాలి.

కారులోకి వస్తే ఆ బలం ఏమవుతుంది?

వినేవాడు స్పీకర్‌కు మీటరు దూరంలోనే కూర్చుంటాడు, అద్దాలు మూసి ఉంటాయి. 90 డెసిబెల్స్ స్పీకరే 10 వాట్లతో 100 డెసిబెల్స్ ఇచ్చేస్తుంది. అంతకంటే గట్టిగా వినేవాడు చెవులు పాడుచేసుకుంటున్నట్టే.

పైగా హార్న్ ఒక్కటే పాట మొత్తం పాడలేదు. 1,000 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 34 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌ది 3.4 మీటర్లు. స్వరం కిందికి దిగేకొద్దీ హార్న్ నోరు పెద్దది కావాలి. డ్యాష్‌బోర్డు కింద పట్టే సైజు హార్న్‌ను సాధారణంగా 800-1,000 హెర్ట్జ్‌కు పైనే వాడతారు. ఆ కింది భాగమంతా డోర్‌లోని మిడ్‌బాస్ మోయాలి. దాని సెన్సిటివిటీ 90, హార్న్‌ది 108. రెండూ కలిసి పాడాలంటే హార్న్‌ను 18 డెసిబెల్స్ తగ్గించాలి. ఏ బలం కోసం కొన్నామో దాన్నే కట్టేసుకుంటున్నామన్నమాట.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు ట్వీటర్‌లో వినిపించని ఆంప్లిఫయర్ ‘సుయ్’ శబ్దం, ఇంజిన్ రేస్ చేస్తే వచ్చే ఆల్టర్నేటర్ కూత హార్న్‌లో స్పష్టంగా బయటపడతాయి. ఇంజిన్ ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, డ్రైవర్ సీటులో కూర్చుని వినండి. సుయ్‌మంటుంటే గెయిన్ తగ్గించాలి, కూత వస్తుంటే ఎర్తింగ్ సరిచూడాలి. ఈ పరీక్ష చేయకుండా కారు అప్పగిస్తే అది మర్నాడే మళ్లీ మీ షాపు ముందుంటుంది.

మరి పోటీ కార్లలో ఎందుకు పెడతారు?

మోత కోసం కాదు, దూరాల కోసం. మన కార్లలో డ్రైవర్ కుడి పక్క కూర్చుంటాడు. కుడి డోర్ స్పీకర్ 80 సెంటీమీటర్ల దూరంలో, ఎడమది 130 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. ఎడమ శబ్దం దాదాపు ఒకటిన్నర మిల్లీసెకన్ ఆలస్యంగా చేరుతుంది. దాంతో గాయకుడి గొంతు నడుమ నుంచి కాక కుడి డోర్ నుంచి వస్తున్నట్టు ఉంటుంది. స్పీకర్లను డ్యాష్‌బోర్డు కింద లోపలికి జరిపితే ఈ తేడా బాగా తగ్గుతుంది, శబ్దాన్ని ఎటు పంపాలో కూడా హార్న్ అదుపు చేస్తుంది. అమెరికాలో రిచర్డ్ క్లార్క్ పోటీలకు తెచ్చిన బ్యూక్ గ్రాండ్ నేషనల్ కారుతో ఈ పద్ధతికి పేరొచ్చింది. ఇమేజ్ డైనమిక్స్ లాంటి కంపెనీలు ప్రత్యేకంగా కార్ల కోసమే హార్న్‌లు చేశాయి.

ఇప్పుడు ఆ పనిలో పెద్ద భాగం డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) చేస్తోంది. దగ్గరి స్పీకర్‌ను ఒకటిన్నర మిల్లీసెకన్ ఆపితే గొంతు నడుమకు వస్తుంది. కాకపోతే డీఎస్‌పీ ఒక్క సీటుకే ఈ తేడాను సరిచేయగలదు. ముందు రెండు సీట్లకూ బాగుండాలని పట్టుబట్టేవారికి హార్న్‌లకు ఇప్పటికీ అర్థముంది.

బిగించే ముందు సీటులో కూర్చోండి

టేపు తీసుకుని డ్యాష్‌బోర్డు కింది ఖాళీ కొలిస్తే చాలదు. హార్న్ సైజులో అట్ట కత్తిరించి, టేపుతో కింద అంటించి, బూట్లతోనే డ్రైవర్ సీటులో కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కండి, ఎడమ మోకాలు దేనికైనా తగిలిందా? కాలు యాక్సిలరేటర్ నుంచి బ్రేక్ మీదికి గబగబా మార్చండి, బూటు ముందు భాగం అట్టకు రాసుకుందా? తగిలితే ఆ కారుకు హార్న్ వద్దు. ‘కొంచెం అలవాటైతే సరిపోతుంది’ అనే మాట బ్రేకు దగ్గర చెల్లదు. ఓబీడీ పోర్టు, ఫ్యూజ్ బాక్స్, బానెట్ లీవర్ చేతికి అందాలి. మోకాలి ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే అక్కడ ఏమీ బిగించకూడదు.

వైరింగ్‌లో ఒక్క పొరపాటు చాలు. కంప్రెషన్ డ్రైవర్‌కు బాస్ సిగ్నల్ వెళ్తే డయాఫ్రమ్ పోతుంది. 1,000 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ తగ్గించే క్రాసోవర్ పెట్టండి. డీఎస్‌పీ సెట్టింగ్ పొరపాటున చెరిగిపోయినా రక్షణ ఉండేలా వరుసలో ఒక నాన్-పోలార్ కెపాసిటర్ కూడా వేయండి. 8 ఓమ్‌ల డ్రైవర్‌కు 50 మైక్రోఫారడ్‌లు వేస్తే అది సుమారు 400 హెర్ట్జ్ కింద నుంచి వచ్చేదాన్ని అణచివేస్తుంది, ఆన్ చేసినప్పుడు వచ్చే ‘ధడ్’ దెబ్బ కూడా మెత్తబడుతుంది.

మైకు హార్న్ వేరు

గుడి మీద, ప్రచార ఆటో మీద కనిపించే మైకు హార్న్ మాట దూరం వెళ్లడానికి చేసింది. అందులో బాస్ లేదు, పై స్వరాల తేటదనం లేదు. చవకగా వస్తుందని దాన్ని కారులో పెట్టమంటే ఒప్పుకోకండి. వాహనం బయట పెట్టే పని అయితే ముందు అనుమతి కాగితం అడగండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా వాడకూడదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, శబ్ద ప్రమాణాలు దాటిన వాహనం నడిపితే మొదటిసారే రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉండొచ్చు. మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది.

మీ చెవులు మీ పెట్టుబడి

కస్టమర్ పాట వినేది అరగంటే. మీరు రోజంతా టెస్టింగ్‌లో ఉంటారు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. హార్న్ టెస్ట్ చేసేటప్పుడు ఇయర్ ప్లగ్‌లు పెట్టుకోండి, ట్యూనింగ్ తక్కువ వాల్యూమ్‌లో చేయండి. వినికిడి తగ్గిన ఫిట్టర్ ట్రెబుల్ పెంచుకుంటూ పోతాడు, కస్టమర్లు తగ్గిపోతారు.

కస్టమర్‌కు చెప్పాల్సిన వరుస

ముందు డోర్లకు డ్యాంపింగ్ షీట్లు, తర్వాత మంచి కాంపొనెంట్ సెట్, ఆ తర్వాత నాలుగు చానళ్ల ఆంప్లిఫయర్, ఆపైన డీఎస్‌పీ, ట్యూనింగ్. కంపెనీ వైరింగ్ కోయకుండా కప్లర్లతోనే కలపండి, వారంటీ గొడవ రాదు. ఇవన్నీ అయ్యాక కూడా ‘రెండు సీట్లకూ గొంతు నడుమ నుంచే రావాలి’ అన్నవాడికే హార్న్ మాట ఎత్తండి, ఖర్చూ చిక్కులూ కాగితం మీద రాసివ్వండి. బిల్లు చిన్నదైనా సరే, లెక్క చెప్పి వద్దన్న షాపుకే కస్టమర్ తన రెండో కారు తెస్తాడు.